ఫోన్‌లో 38... మరి ఆయన నిలబడ్డ చోట?

మూడేళ్ల కిందటి ఆగస్టు. సాయంత్రం నాలుగున్నర. షార్జాలో మా ఫ్లాట్‌లో పాపకు జడ వేస్తూ ఫోన్‌లో వాతావరణం చూశాను. 38 డిగ్రీలు. మధ్యాహ్నం 43 ఉండింది. హమ్మయ్య అనుకుని మావారికి మెసేజ్ పెట్టాను: "ఇవాళ కొంచెం తగ్గింది కదా!"

జవాబు రాలేదు. పావుగంటకు వేరే నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. ఆయన దగ్గర పనిచేసే జగిత్యాల తమ్ముడు. "వదినా, అన్నకు జర కళ్లు తిరిగినయ్. దవాఖానకు తీస్కపోతున్నం. పరేషాన్ కాకు."

పరేషాన్ కాకుండా ఎలా ఉంటాను? నేను వెళ్లేసరికి సెలైన్ ఎక్కుతోంది. ఒళ్లు కాలిపోతోంది. ఒంట్లో నీళ్లూ ఉప్పూ పడిపోయాయని, సమయానికి తీసుకొచ్చారని డాక్టర్ చెప్పారు. రెండు రోజులకు ఇంటికొచ్చారు, దేవుడి దయ. కానీ ఆ రోజు నేను పెట్టిన మెసేజ్ మాత్రం ఇప్పటికీ నా ఫోన్‌లో అలాగే ఉంది. తీసెయ్యలేదు. "తగ్గింది కదా" అన్నాను. ఏం తగ్గింది? ఎక్కడ తగ్గింది?

పెళ్లికి ముందు వరంగల్‌లో బీఎస్సీ చదివాను. ఫిజిక్స్ ల్యాబ్‌లో తడి బల్బు, పొడి బల్బు థర్మామీటర్లు పట్టుకుని రీడింగులు రాసినదాన్నే. అయినా ఫోన్‌లో ఒక అంకె చూసి నమ్మేశాను. ఆ తప్పు ఎక్కడ జరిగిందో వెతుక్కుంటూ పోతే సైన్సులో ఒక పెద్ద అధ్యాయమే కనిపించింది. దాన్ని ఇన్ సిటూ కొలత అంటారు. లాటిన్ మాట. మన మాటల్లో చెప్పాలంటే "ఉన్నచోటనే కొలవడం".

ఒక్క మెతుకు చాలదు

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు పట్టుకుని చూస్తే చాలని మన పెద్దలు చెబుతారు. నిజమే. ఎందుకు నిజం? గిన్నెలో ఉన్నదంతా ఒకే బియ్యం, ఒకే నీళ్లు, ఒకే మంట. అందుకే ఒక మెతుకు గిన్నె మొత్తానికీ సాక్ష్యం చెబుతుంది.

ఊరు గిన్నె కాదు. ఫోన్‌లో మనం చూసే ఉష్ణోగ్రత చాలాసార్లు విమానాశ్రయం లాంటి చోట ఉన్న వాతావరణ కేంద్రం కొలతల మీద, వాటి నుంచి కంప్యూటర్ వేసిన లెక్కల మీద ఆధారపడి ఉంటుంది. ఆ కేంద్రాల్లో థర్మామీటర్‌ను నీడలో పెడతారు. చుట్టూ తెల్లటి చెక్క రెక్కలు, గాలి ఆడేలా సందులు, నేల నుంచి మనిషి ఛాతీ ఎత్తు. దాన్ని స్టీవెన్సన్ స్క్రీన్ అంటారు. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ ఇంజనీరు థామస్ స్టీవెన్సన్ తయారుచేసిన పెట్టె. అలా పెట్టడంలో తప్పేమీ లేదు. ప్రపంచమంతా ఒకే పద్ధతిలో కొలిస్తేనే దుబాయ్‌నీ రామగుండాన్నీ పోల్చగలం.

కానీ ఆ అంకె చెప్పేది నీడలో ఉన్న గాలి సంగతి. మావారు ఉన్నది నీడలో కాదు. బేస్‌మెంట్ కోసం తవ్విన గోతిలో, చుట్టూ ఇనుప కడ్డీల మధ్య, గాలి ఆడని చోట ఉన్నారు. ఆ రాత్రికి కాంక్రీట్ పోయాలి. ఆలోపు కడ్డీలు కట్టే పని పూర్తి కావాలి.

తెచ్చి చూడటం, అక్కడే చూడటం

సైన్సులో కొలతలు తీసుకోవడానికి స్థూలంగా మూడు దారులున్నాయి. ఒకటి, నమూనా తెచ్చి ల్యాబ్‌లో పరీక్షించడం. రెండోది, ఉపగ్రహంలా దూరం నుంచి చూసి అంచనా కట్టడం. మూడోది, పరికరాన్నే ఆ చోటికి తీసుకెళ్లడం.

మొదటిదానికి మన హైదరాబాదే మంచి ఉదాహరణ. అక్కడ టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూన్ కేంద్రం ఉంది. 2005 ఏప్రిల్‌లో అక్కడి నుంచి ఎగరేసిన బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలిని పట్టి తెచ్చింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీలోనూ, పుణెలోని ల్యాబ్‌లోనూ పరీక్షిస్తే అంతకు ముందు ఎవరికీ తెలియని మూడు రకాల బ్యాక్టీరియా బయటపడ్డాయి. ఒకదానికి ఆర్యభట్ట పేరు, ఇంకొకదానికి ఇస్రో పేరు పెట్టారు. బ్యాక్టీరియాను డబ్బాలో మూసి కిందికి తేవచ్చు. కానీ ఆ ఎత్తులో గాలి ఎంత వేగంగా వీస్తోందో డబ్బాలో పట్టి తేలేం కదా. దాన్ని అక్కడే కొలవాలి. అందుకే అబుదాబి విమానాశ్రయంతో సహా ప్రపంచంలో ఎన్నో చోట్ల నుంచి రోజూ చిన్న బెలూన్లు పైకి వెళతాయి. వాటికి కట్టిన పరికరం పైకి పోతూ పోతూ వేడి, తేమ, గాలి వివరాలు రేడియోలో చెబుతూనే ఉంటుంది.

ఉపగ్రహాలు ఉండగా ఇదంతా ఎందుకు అంటారా? ఉపగ్రహం చెప్పింది నిజమో కాదో తేల్చాలన్నా కింద ఎవరో ఒకరు కొలవాలి. 2004 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఈ దేశంలోనే దాని కోసం పెద్ద ప్రయత్నం జరిగింది. నాసా, అమెరికా నౌకాదళ పరిశోధన సంస్థ, ఎమిరేట్స్ శాస్త్రవేత్తలు కలిసి ఇక్కడి ధూళి మీద పరిశోధన చేశారు. ఎడారి నేల తెల్లగా మెరుస్తుంది, పైన తేలే ధూళి కూడా అదే రంగు. పై నుంచి చూసే ఉపగ్రహానికి ఏది నేలో ఏది ధూళో విడదీయడం కష్టం. అందుకని నేల మీద పరికరాలు పెట్టారు, విమానంలో ధూళి మధ్యలోకే వెళ్లి కొలిచారు.

2024 ఏప్రిల్ 16 వాన ఇక్కడ ఉన్నవాళ్లెవరూ మరిచిపోలేరు. మా బిల్డింగ్ కింద కార్లు తేలాయి. ఆ రోజు అల్ ఐన్ ప్రాంతంలోని ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటల్లోపే 254.8 మిల్లీమీటర్ల వాన పడింది. 1949లో రికార్డులు మొదలైనప్పటి నుంచి ఈ దేశంలో పడిన అతి భారీ వానల్లో అది ఒకటి. ఆ అంకె మనకు ఎలా తెలిసింది? అక్కడ ఒక వానమాపకం ఉంది కాబట్టి. అది అక్కడ లేకపోయి ఉంటే ఆ వాన ఎవరి లెక్కలోకీ ఎక్కకుండానే ఇసుకలో ఇంకిపోయేది.

నల్ల గుండు చెప్పే నిజం

ఇక ఎండ సంగతికి వద్దాం. మనిషికి తగిలే వేడి నాలుగు చోట్ల నుంచి వస్తుంది. గాలి వేడి ఒకటి. ఎండ, కాలిన ఇనుము, సిమెంటు గోడ విసిరే సెగ రెండోది. గాలిలోని తేమ మూడోది. గాలి ఆడకపోవడం నాలుగోది. ఫోన్‌లో పెద్ద అక్షరాలతో కనిపించేది మొదటిదొక్కటే.

వీటిలో మన గల్ఫ్ తీరంలో ఎక్కువ మోసం చేసేది తేమ. మన ఒంటికి చల్లదనం చెమట వల్ల రాదు, చెమట ఆవిరవడం వల్ల వస్తుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడిని ఒంట్లోంచి తీసుకుపోతుంది. అదే చెమట ఆవిరవకుండా ధారగా కారిపోతే నీళ్లూ ఉప్పూ పోవడమే తప్ప చల్లదనం రాదు. సాయంత్రం సముద్రం మీద నుంచి గాలి తిరిగితే థర్మామీటర్ నాలుగైదు డిగ్రీలు దిగుతుంది, తేమ మాత్రం పైకెక్కుతుంది. అంకె తగ్గినా ఒంటికి కష్టం తగ్గదు. ఆ రోజు నాకు తట్టనిది ఇదే.

ఈ చిక్కును సీరియస్‌గా పట్టించుకున్నవారిలో సైన్యాలూ ఉన్నాయి. 1950లలో అమెరికాలో దక్షిణ కరొలినా రాష్ట్రంలోని పారిస్ ఐలండ్‌లో మెరైన్ల శిక్షణ శిబిరం ఉండేది. కొత్తగా చేరిన కుర్రాళ్లు కవాతు చేస్తూ ఎండదెబ్బకు పడిపోతుండేవారు. యాగ్లౌ, మినార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కవాతు జరిగే చోటి వేడిని లెక్కకట్టే పద్ధతి ఒకటి తయారుచేసి 1957లో ప్రచురించారు. దాని పేరు వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్. ఇందులో మూడు థర్మామీటర్లు ఉంటాయి. ఒకటి మామూలుది, నీడలో. రెండోది తడి గుడ్డ చుట్టినది. మూడోది, నల్ల రంగు వేసిన రాగి గుండు లోపల పెట్టినది. అది ఎండనూ సెగనూ పట్టుకుంటుంది. లెక్కలో తడి థర్మామీటర్‌కు 70 శాతం, నల్ల గుండుకు 20 శాతం, మామూలుదానికి 10 శాతం బరువు. గమనించారా? మనం రోజూ ఫోన్‌లో చూసే అంకెకు ఈ లెక్కలో పదో వంతు విలువే.

తర్వాత 2002లో ఆస్ట్రేలియాలో బ్రేక్, బేట్స్ అనేవారు ఇంకో కొలత ఇచ్చారు. థర్మల్ వర్క్ లిమిట్. ఈ చోట, ఈ గాలిలో, వేడికి అలవాటుపడి, ఒంట్లో చాలినంత నీరున్న మనిషి ఎంత శ్రమ వరకు క్షేమంగా చేయగలడో ఇది చెబుతుంది. గాలి వేగం కూడా ఇందులో లెక్కలోకి వస్తుంది. ఇక్కడ అంకె ఎక్కువ ఉంటే మంచిది. 140 దాటితే ప్రమాదం తక్కువ. 115కీ 140కీ మధ్య జాగ్రత్త. 115 కంటే తగ్గితే మామూలు పని ఆపాల్సిందే. అబుదాబిలో "సేఫ్టీ ఇన్ ద హీట్" కార్యక్రమం పాటించేది ఈ కొలతనే.

సైట్‌లోకే వెళ్లిన శాస్త్రవేత్తలు

వీటన్నిటిలో నా మనసుకు బాగా దగ్గరైన పరిశోధన 2008లో వచ్చింది. ఆస్ట్రేలియాలోని కర్టిన్ యూనివర్సిటీకి చెందిన గ్రాహం బేట్స్, ఆయనతోపాటు ష్నైడర్ ఎమిరేట్స్‌లో కట్టడాల పని చేసే కార్మికుల మీద చేసింది. ల్యాబ్‌లో వేడి గది కట్టి, ఎవరినో ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూడొచ్చు. వీళ్లు అలా చేయలేదు. పని జరిగే చోటికే వెళ్లారు. పని చేస్తుండగానే గుండె వేగం, చెవిలోని ఉష్ణోగ్రత, తాగిన నీళ్లు, మూత్రం చిక్కదనం కొలిచారు. వరసగా మూడు షిఫ్టులు చూశారు. పక్కనే ఆ చోటి వేడిని రెండు పద్ధతుల్లోనూ కొలిచారు.

ఏం తేలిందో తెలుసా? మామూలు ప్రమాణాల ప్రకారం పని ఆపెయ్యాల్సిన వేడిలో కూడా ఆ మనుషుల గుండె, ఒంటి వేడి హద్దు దాటలేదు. ఎందుకంటే వాళ్లకు చాలినన్ని నీళ్లు అందాయి. అంతకన్నా ముఖ్యం, ఎంత వేగంగా పనిచేయాలో వాళ్ల ఒళ్లే నిర్ణయించుకుంది. కాస్త నిదానించడం, కాస్త నిలబడటం, మళ్లీ మొదలుపెట్టడం. ట్రెడ్‌మిల్ మీద మనిషికి ఆ వీలు లేదు, వేగం మెషీన్ చేతిలో ఉంటుంది. అందుకే ఈ సంగతి పని జరిగే చోట తెలిసినంత బాగా ల్యాబ్‌లో తెలిసేది కాదు.

ఇది చదివి మొదట ఊరట కలిగింది. తర్వాత భయం వేసింది. నీళ్లు, తన వేగం తన చేతిలో ఉండటం. ఈ రెండూ ఉంటేనే కదా క్షేమం? ఆ సాయంత్రం మావారికి రెండోది లేదు. రాత్రికి కాంక్రీట్ లారీలు వచ్చేస్తాయి. ఇక వేగం ఆయన చేతిలో ఎక్కడిది? మొదటిది కూడా సగమే ఉందని ఆయనే ఒప్పుకున్నారు. "బాత్రూమ్ పైన దూరంగా ఉంది, మాటిమాటికీ ఎక్కడం ఎందుకని నీళ్లు తక్కువ తాగిన" అన్నారు. ఏ ఉపగ్రహం చెప్పగలదు ఈ మాట? అది ఆ గోతిలో నిలబడ్డ మనిషికే తెలుసు.

అత్తయ్య రాగి చెంబు

ఆయన కోలుకున్నాక ఇంట్లో నేనూ పాపా ఒక ప్రయోగం చేశాం. మూడు థర్మామీటర్లు కొన్నాం. ఒకదానికి పూజ గదిలోని దూది వత్తి చుట్టి, కొసను నీళ్ల గ్లాసులో వేశాం. ఇంకొకటి మా అత్తయ్య ఇచ్చిన రాగి చెంబులో పెట్టి మూతి మూసేశాం. చెంబుకు బయట మెరుపు లేని నల్ల రంగు వేశాం. (అత్తయ్యా, ఇది చదివితే క్షమించండి. చెంబు ఇంకా తోమలేదు.) ఇది ప్రమాణం ప్రకారం చేసిన పరికరం కాదు, చెంబు గుండ్రంగా కూడా లేదు. కానీ తేడా చూడటానికి చాలు.

పడమటి బాల్కనీలో ఒక ఆగస్టు రోజు మా రీడింగులు ఇవి. మధ్యాహ్నం: పొడిది 43, తడిది 28, నల్ల చెంబు 56. లెక్క వేస్తే 35.1. సాయంత్రం నాలుగున్నరకు: పొడిది 38, తడిది 31, నల్ల చెంబు 50. లెక్క వేస్తే 35.5.

పాప రెండుసార్లు లెక్క వేసింది. "అమ్మా, తప్పు వచ్చినట్టుంది. చల్లబడింది కదా, ఎక్కువ ఎందుకొచ్చింది?" అంది. తప్పు రాలేదు నాన్నా. అయిదు డిగ్రీలు తగ్గింది ఫోన్‌లో. మనిషికి మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు. ఆ రోజు నేను మీ నాన్నకు పెట్టిన మెసేజ్‌లో తప్పు అదే.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఉన్నచోట కొలవడమంటే అక్కడ ఒక థర్మామీటర్ పడేసి రావడం కాదు. ప్రతి వేసవిలో మన వాట్సాప్ గ్రూపుల్లో కార్ డ్యాష్‌బోర్డు ఫోటోలు వస్తాయి చూడండి, "52 డిగ్రీలు!" అంటూ. ఎండలో పార్క్ చేసిన కారులో ఆ సెన్సర్ చెప్పేది చాలావరకు బండి వేడినీ, కింది రోడ్డు వేడినీ. ఎండ నేరుగా తగిలే థర్మామీటర్ గాలిని కాదు, తనను తానే కొలుచుకుంటుంది. అందుకే పరికరాన్ని ఎక్కడ, ఎంత ఎత్తులో, ఏ నీడలో పెట్టారో, ఎప్పుడు సరిచూశారో రాయకపోతే ఏ కొలతకూ విలువ లేదు. ఒంటి వేడిని ఒంట్లోనే కొలవడానికి మాత్రలాంటి థర్మామీటర్ కూడా ఉంది. నాసా, జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ కలిసి తయారుచేశాయి. మింగితే కడుపులోంచి ఉష్ణోగ్రతను రేడియోలో చెబుతుంది. ఇంతకన్నా "ఉన్నచోట" ఏముంటుంది?

ఇప్పుడు మా ఇంట్లో

ఈ దేశంలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదు. ఇరవై ఏళ్లుగా ఉన్న నిబంధన. ఎంతోమంది ప్రాణాలకు అది గొడుగు. కానీ అది గడియారాన్ని చూసి పట్టే గొడుగు. మూడు దాటాక ఆ గోతిలో ఎంత సెగ ఉందో గడియారానికి తెలియదు. అక్కడ పెట్టిన పరికరానికి తెలుస్తుంది, లేదా అక్కడున్న మనిషికి.

మావారు ఇప్పుడు వేరే కంపెనీలో ఉన్నారు. అక్కడ సేఫ్టీ ఆఫీసర్ చేతిలో చిన్న మీటర్ ఉంటుందట, పైన నల్ల గుండుతో. పొద్దున్న ఒకసారి చూసి ఊరుకోకుండా సాయంత్రం కూడా గోతిలోకి దిగి చూడమని మావారు పట్టుబట్టారు. కొత్తగా ఊరి నుంచి వచ్చిన పిల్లలకు మొదటి వారం, పది రోజులు బరువు పనులు ఇవ్వరు. మే నెలలో మన ఊళ్లో ఎండ చూశాం కదా అనుకుంటారు వాళ్లు. మన ఎండ వేరు, ఈ ఉడుకు వేరు. ఒంటికి అలవాటు కావడానికి రోజులు పడుతుంది.

మీ ఇంట్లోంచీ ఎవరైనా ఎండలో పనికి వెళుతుంటే ఒక మాట. డ్రైవరు, డెలివరీ కుర్రాడు, సైట్ ఇంజనీరు, ఎవరైనా సరే. "ఇవాళ ఎన్ని డిగ్రీలు?" అని అడక్కండి. అది మీ ఫోన్ చెబుతుంది. "నువ్వున్న చోట గాలి ఆడుతోందా? చెమట ఆరుతోందా, కారుతోందా? మధ్యాహ్నం నుంచి ఎన్నిసార్లు బాత్రూమ్‌కు వెళ్లావు? మూత్రం రంగు ఎలా ఉంది?" అని అడగండి. సిగ్గుపడే ప్రశ్నలు కావు ఇవి. ఆ పరిశోధకులు కూడా మూత్రం చిక్కదనం కొలిచారు.

నిన్న అమ్మ వరంగల్ నుంచి ఫోన్ చేసింది. "బిడ్డా, టీవీల చెప్పిన్రు, దుబాయ్‌ల నలభై ఆరట కదా? అల్లుడు ఎట్లున్నడు?"

"ఉండమ్మా, ఆయననే అడిగి చెప్త" అన్నాను.